వాట్లు తక్కువ, ఆట ఎక్కువ

2022 జులైలో బ్రిటన్ ఎండకు అల్లాడిపోయింది. ఆ దేశ చరిత్రలో మొదటిసారి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది. ఆ రోజుల్లోనే, 'స్టీమ్ డెక్' అనే చేతి ఆటయంత్రాన్ని తయారుచేసే వాల్వ్ సంస్థ దాన్ని కొన్నవాళ్లకు ఒక జాగ్రత్త చెప్పింది. చుట్టూ గాలి 35 డిగ్రీల లోపు ఉంటేనే యంత్రం బాగా పనిచేస్తుందని, అంతకు మించితే లోపలి చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుందని. ఆ వేసవిలోనే జపాన్‌లో నింటెండో కూడా తన ఆటయంత్రం 'స్విచ్' గురించి ఇలాంటి మాటే చెప్పింది: 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడుకోండి అని.

మే నెలలో జమ్మలమడుగు బస్టాండులో నిలబడ్డవాడికి ఈ హెచ్చరిక ఎకసెక్కంలా వినిపిస్తుంది. కడప జిల్లాలో ఆ రోజుల్లో 40 దాటడం వార్తే కాదు. 35 డిగ్రీలంటే పొద్దు కాస్త ఎక్కేసరికి వచ్చేసే వేడి. అంటే ఆ యంత్రం అట్ట పెట్టెలోంచి బయటికి వచ్చేసరికే దానికి గీసిన గీత దాటిపోయి ఉంటుంది.

ప్రయాణంలో ఆడుకోవడానికి ఏ యంత్రం కొనాలన్న ప్రశ్నకు జవాబులు బోలెడు దొరుకుతాయి. చాలావరకు ఏసీ గదుల్లో కూర్చుని రాసినవే. ఎన్ని ఆటలు నడుస్తాయి, బొమ్మ ఎంత నునుపుగా కదులుతుంది, తెర ఎంత పెద్దది అని లెక్కలు కడతారు. తక్కువ డబ్బుతో, ఎండలో, కుదుపుల్లో, ఛార్జింగు దొరకని చోట ఆడేవాడికి కావాల్సిన లెక్క వేరు. అది వాట్ల లెక్క.

ముందు ఇక్కడి ప్రయాణాల సంగతి చూడాలి. ప్రొద్దుటూరు నుంచి హైదరాబాదుకు రాత్రంతా బస్సు. పులివెందుల నుంచి బెంగళూరుకు కదిరి మీదుగా సగం రోజు. పులివెందులలో 2006లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, ఇడుపులపాయలో 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీ, ఈ రెండింటి పిల్లలూ సెలవులొచ్చాయంటే మూటాముల్లె సర్దుకుని రాష్ట్రం నలుమూలలకూ బయల్దేరతారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ఊళ్లకు రైలు చాలా ఆలస్యంగా వచ్చింది. ఎర్రగుంట్ల–నంద్యాల లైను 2016లో గానీ పూర్తి కాలేదు. అప్పటిదాకా రైలెక్కాలంటే ఎర్రగుంట్లకో ముద్దనూరుకో పోవాల్సిందే. ఇక జిల్లా నుంచి కువైట్ పోయేవాళ్ల ప్రయాణం అన్నిటికన్నా పొడుగు: బస్సు, విమానాశ్రయంలో పడిగాపులు, ఆపైన విమానం.

ఇన్ని గంటలు చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఎంతసేపు ఉంటుందో తేల్చేది ఒక చిన్న భాగహారం.

బ్యాటరీ మీద 5000 ఎంఏహెచ్ అని పెద్దక్షరాలతో వేస్తారు. ఆ అంకె ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. దాన్ని వెయ్యితో భాగించి, బ్యాటరీ వోల్టేజీతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. ఫోను బ్యాటరీ వోల్టేజీ 3.85 అనుకుంటే, 5000 ఎంఏహెచ్ అంటే సుమారు 19 వాట్ అవర్లు. ఇది నిల్వ. ఖర్చు మాటేమిటి? బీజీఎంఐ లాంటి భారీ ఆట నడిపేటప్పుడు ఫోను మోడల్‌ను బట్టి, తెర వెలుగును బట్టి మూడు నుంచి అయిదు వాట్లు తాగుతుంది. 19ని 4తో భాగిస్తే అయిదు గంటలకు కాస్త తక్కువ. బస్సు హైదరాబాదు చేరకముందే ఫోను చచ్చిపోతుంది. టికెట్టు అందులోనే, డబ్బులు అందులోనే, దించుకోవడానికి వచ్చే మామయ్య నంబరూ అందులోనే.

స్టీమ్ డెక్ బ్యాటరీ మొదటి మోడల్‌లో 40 వాట్ అవర్లు, ఫోనుకు రెట్టింపు. అయితే దాని చిప్పు ఒక్కటే 15 వాట్ల దాకా లాగుతుంది, తెరా ఫ్యానూ అదనం. పెద్ద ఆట పెడితే రెండు గంటలకే ఖాళీ. కంపెనీ కూడా రెండు నుంచి ఎనిమిది గంటలనే చెబుతుంది. ఆ ఎనిమిది చిన్న చిన్న ఆటలకు. 669 గ్రాముల బరువు, అమెరికాలో మొదటి ధర 399 డాలర్లు. మన దగ్గరికి వ్యాపారుల చేతులు మారి వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. తక్కువ ఖర్చులో ప్రయాణానికి అన్నవాడు దాని వైపు చూడనక్కర్లేదు. ఇంట్లో కూర్చుని ఆడేవాడికి అది గొప్ప యంత్రమే, కాదనలేం.

ఖర్చయిన ప్రతి వాటూ చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడి ఎక్కడికి పోతుంది? చుట్టూ ఉన్న గాలిలోకి. ఎంత వేగంగా పోతుందన్నది యంత్రానికీ గాలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుందని న్యూటన్ కాలం నుంచీ తెలిసిన సంగతే. ఫోను వీపు 43 డిగ్రీలకు చేరిందనుకుందాం. చేతికి చురుక్కుమనే వేడి అది. ఏసీ బస్సులో గాలి 25 ఉంటే తేడా 18. మే నెల మధ్యాహ్నం పల్లెవెలుగు బస్సులో గాలి 40 ఉంటే తేడా మూడే. అదే ఫోను, అదే ఆట, కానీ వేడి బయటికి పోయే దారి ఆరింట ఒక వంతుకు ముడుచుకుపోయింది. కిటికీ గాలి కొంత సాయం చేస్తుంది, కానీ ఆ గాలీ వడగాలే కదా.

దీనికి ఎండ తోడైతే? నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదరపు మీటరు నేల మీద సుమారు వెయ్యి వాట్ల వెలుగు పడుతుంది. మామూలు ఫోను ముఖం పదహారు సెంటీమీటర్ల పొడుగు, ఏడున్నర వెడల్పు. లెక్కగడితే దాని మీద పడేది సుమారు 12 వాట్లు. నల్లటి అద్దం అందులో చాలా భాగాన్ని మింగేస్తుంది. అంటే కిటికీ పక్కన ఒళ్లో పెట్టుకున్న ఫోనుకు ఆట ఇచ్చే వేడి కన్నా సూర్యుడిచ్చేదే రెండు మూడింతలు. పైగా ఎండలో తెర కనబడదు కాబట్టి ఫోను తన వెలుగు పెంచుకుంటుంది, ఇంకా వేడెక్కుతుంది. చివరికి మసకబారుతుంది, ఆట తడబడుతుంది, ఛార్జింగు ఆగిపోతుంది. ఆ క్షణంలో కుర్రవాడు తిట్టేది ఫోను కంపెనీని. నిజానికి చిప్పు చేస్తున్నది తెలివైన పని. వేగం తగ్గిస్తే వోల్టేజీ కూడా తగ్గించవచ్చు, వోల్టేజీ తగ్గితే ఖర్చు దాని వర్గం లెక్కన పడిపోతుంది. కొంచెం నెమ్మదిస్తే చాలా వేడి తగ్గుతుందన్నమాట.

ఈ కిటుకును ఆడేవాడే ముందుగా వాడుకోవచ్చు. ఆట సెట్టింగుల్లో సెకనుకు 60 బొమ్మలు అన్నదాన్ని 30కి దించితే, తెర వెలుగు సగం చేస్తే, ఫోను చల్లగా ఎక్కువసేపు నడుస్తుంది. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

వేడి ఆ పూట ఆటను మాత్రమే పాడుచేస్తే ఫరవాలేదు. లిథియం అయాన్ బ్యాటరీలో అక్కర్లేని రసాయన చర్యలు ఎప్పుడూ మెల్లగా జరుగుతూనే ఉంటాయి. పది డిగ్రీలు పెరిగితే వాటి వేగం సుమారు రెట్టింపు అవుతుందన్నది రసాయన శాస్త్రంలో మోటు లెక్క. ఛార్జింగుకు పెట్టి, ఆడుతూ, ఎండలో కూర్చోవడమంటే మూడు వేడిమూటలు ఒకే బ్యాటరీ నెత్తిన పెట్టడం. ఏడాది తిరిగేసరికి పొద్దున పెట్టిన ఛార్జింగు మధ్యాహ్నానికే అయిపోతోందని గొణుక్కునే ఫోన్లలో చాలావాటి కథ ఇదే. కారు అద్దాలు మూసి ఎండలో ఆపి, లోపల ఆటయంత్రం వదిలేసి గండికోట లోయ చూడటానికి పోవడం ఇంకా చేటు. బయట 40 ఉంటే మూసిన కారు లోపల 60 దాటడానికి ఎక్కువసేపు పట్టదు.

తక్కువ వాట్లతో ప్రయాణంలో ఆట నడిపించి చూపినవాడు నింటెండోలో పనిచేసిన జపాన్ ఇంజనీరు గున్‌పే యొకోయి. ఆయన కథ మొదలైంది కూడా రైల్లోనే. షింకన్‌సెన్ బండిలో ఒక ఉద్యోగి ఊసుపోక క్యాలిక్యులేటర్ బటన్లు నొక్కుతుంటే చూసి, జేబులో పట్టే ఆట తయారుచేయాలనుకున్నాడట. 1980లో 'గేమ్ అండ్ వాచ్' వచ్చింది. లోపలున్నవి క్యాలిక్యులేటర్ తెర, క్యాలిక్యులేటర్ తరహా చిప్పు, గుండీ బ్యాటరీలు. కొత్తదాని వెంట పడకుండా, పాతబడి చవకైన సాంకేతికతను కొత్త పనికి వాడటం ఆయన పద్ధతి.

1989లో వచ్చిన 'గేమ్ బాయ్' ఆ పద్ధతికి పరాకాష్ఠ. నాలుగు ఛాయల తెర, అదీ పచ్చగా, వెనక దీపం లేదు, 4.19 మెగాహెర్ట్జ్ చిప్పు. అదే ఏడాది అటారీ 'లింక్స్', తర్వాత సెగా 'గేమ్ గేర్' రంగుల తెరలతో, వెనక దీపాలతో వచ్చాయి. పక్కపక్కన పెడితే గేమ్ బాయ్ వెలవెలబోయేది. కానీ ఆ రెండూ ఆరు పెన్సిల్ సెల్లులు వేస్తే మూడు నుంచి అయిదు గంటలు నడిచేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో సుమారు పదిహేను గంటలు. దాని మీద ముద్రించిన ఖర్చు 0.7 వాట్లు. రంగుల వెర్షన్‌తో కలిపి అది 11 కోట్ల 86 లక్షలు అమ్ముడైంది. గేమ్ గేర్ కోటి దాటి ఆగిపోయింది. గల్ఫ్ యుద్ధంలో ఒక అమెరికన్ సైనికుడి గేమ్ బాయ్ మంటల్లో పడి ప్లాస్టిక్ కరిగి నల్లబడింది. అయినా లోపల టెట్రిస్ నడుస్తూనే ఉంది. న్యూయార్కులోని నింటెండో దుకాణంలో దాన్ని ఏళ్ల తరబడి అద్దాల పెట్టెలో పెట్టి చూపించారు.

గేమ్ బాయ్ మన ఊళ్లకు పెద్దగా రాలేదు. వచ్చింది దాని పేద చుట్టం 'బ్రిక్ గేమ్'. తిరణాల అంగళ్లలో, బస్టాండు బయట ప్లాస్టిక్ బొమ్మల మధ్య వేలాడేది. ముఖం మీద 9999 ఆటలని రాసి ఉండేది. నిజానికి లోపలుండేవి గుప్పెడు ఆటలే. వేగాన్ని, స్థాయిని మార్చి ఒక్కోదానికి ఒక్కో నంబరిచ్చి తొమ్మిది వేలు చేసేవారు. వెనక మూత తీస్తే తుప్పు పట్టే స్ప్రింగులు, రెండు పెన్సిల్ సెల్లులు. తెర మీద అడ్డంగా పది, నిలువుగా ఇరవై గడులు. ప్రతి గడీ ముందే అచ్చువేసి పెట్టినదే. చిప్పు చేసేదల్లా ఏ గడి నల్లబడాలో చెప్పడం. అందుకే ఆ సెల్లులు వారాల తరబడి వచ్చేవి. తెర బయటి వెలుగును వెనక్కి కొడుతుంది కాబట్టి ఎండ ఎంత కాస్తే అంత బాగా కనబడుతుంది. నేటి ఖరీదైన ఫోను ఓడిపోయే చోట అది నెగ్గుతుంది. 2022లో వచ్చిన 'ప్లేడేట్' అనే అమెరికా యంత్రం కూడా దీపం లేని తెరనే ఏరికోరి పెట్టుకుంది.

అలాగని బ్రిక్ గేమ్ ఒక్కటే చాలనడం అన్యాయం. ఆ కీచు శబ్దానికి పక్క సీటువాళ్లు ఊరుకోరు కూడా. దాని పద్ధతిని ఇవాళ్టి ధరలో అందుకునేవి వేరే ఉన్నాయి: మియూ, ఆన్‌బర్నిక్ లాంటి చైనా కంపెనీలు చేసే అరచేతి యంత్రాలు. మియూ మినీ ప్లస్‌నే చూడండి. మూడున్నర అంగుళాల తెర, 3000 ఎంఏహెచ్ బ్యాటరీ, అంటే 11 వాట్ అవర్లు. పాత కాలపు ఆటలు నడపడానికి దానికి రెండు వాట్లు కూడా అక్కర్లేదు. అయిదారు గంటల ఆట ఖాయం. ఫ్యాను లేదు, పెద్దగా వేడెక్కదు, చొక్కా జేబులో పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది చచ్చిపోయినా ఫోను బతికే ఉంటుంది.

ఇక్కడో ముడి ఉంది. ఇలాంటి యంత్రాలు చాలావరకు వేల ఆటలు నింపిన మెమొరీ కార్డుతో వస్తాయి. పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేరు సాధారణంగా చట్టబద్ధమైనదే. కానీ ఆ ఆటల నకళ్లకు హక్కుదారుల అనుమతి ఉండదు. 1957 కాపీరైట్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. ఔత్సాహికులు కొత్తగా రాసి ఉచితంగానో చిన్న ధరకో ఇచ్చే ఆటలు వందల్లో ఉన్నాయి, వాటితో మొదలుపెట్టడం మేలు. ఆ కార్డు కూడా నాసిరకందే వస్తుంటుంది. మంచి కంపెనీ కార్డు వేరే కొనుక్కుని అందులోకి మార్చుకోవడం అనుభవజ్ఞులు మొదట చేసే పని.

బోలెడుమంది అడిగే ప్రశ్న: ఉన్న ఫోను చాలదా? రాత్రి ఏసీ బస్సులో, పవర్‌బ్యాంకు పక్కనుంటే, చాలు. పగటి ప్రయాణంలో వేడి గాక ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి చెమట. ఫోను తెర విద్యుత్తును ప్రవహింపజేసే వేలిని పసిగట్టి పనిచేస్తుంది. ఉప్పునీరు కూడా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కాబట్టి చెమట బొట్టును అది వేలనుకుంటుంది. అంగళ్లలో దొరికే ఫింగర్ స్లీవ్‌లు వెండి పూత దారాలతో అల్లినవి కావడానికి కారణమిదే. చెమటను అడ్డుకుంటూ వేలిని మాత్రం తెరకు తెలియనిస్తాయి. ఇక రెండోది టవర్లు. బండి కదిలే కొద్దీ ఫోను ఒక టవరు వదిలి మరో టవరు పట్టుకుంటుంది. సినిమా చూస్తుంటే ఇది తెలియదు, ముందే కొంత దింపుకుని ఉంచుతుంది కాబట్టి. ఎదుటివాడితో పోరాడే ఆటలో అర సెకను ఆలస్యమైనా చావే. జమ్మలమడుగు దాటి సంజామల, కోయిలకుంట్ల, బనగానపల్లె మీదుగా నంద్యాల పోయే బండిలో కూర్చుని ఆన్‌లైన్ పోరు మొదలుపెట్టేవాడు సిగ్నలు మీదే పందెం కాస్తున్నట్టు లెక్క.

ఆన్‌లైన్ ఆటకు ఇంకో గండం కూడా ఉంది. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. దాని స్థానంలో 2021లో వచ్చిన బీజీఎంఐ 2022 జులైలో అంగడి నుంచి మాయమై మళ్లీ 2023లో తిరిగొచ్చింది. ఫ్రీ ఫైర్‌ను కూడా 2022 ఫిబ్రవరిలో నిషేధించారు. యంత్రంలోనే ఉండే ఆటకు ఈ బెంగ లేదు. చదరంగం, అంకెల పజిళ్లు, వంతులవారీ వ్యూహాల ఆటలు నెట్ లేకుండా నడుస్తాయి, వాట్లు కూడా కొద్దిగానే తింటాయి.

అవి కడుపుకు కూడా మంచివే. కదిరి దారి మలుపుల్లో లోపలి చెవి 'ఒళ్లు ఊగుతోంది' అంటుంటే, తెర మీద నిలిచిన కళ్లు 'ఏమీ కదలడం లేదు' అంటాయి. ఈ రెంటికీ పొత్తు కుదరకే వాంతి వస్తుంది. తెర మీది ప్రపంచం కూడా గిర్రున తిరిగే కారు పందేలు, కాల్పుల ఆటలు దాన్ని ఇంకా పెంచుతాయి. మధ్యలో ఆపి కిటికీలోంచి దూరంగా ఉన్న కొండను చూసే వీలున్న ఆటే బస్సుకు తగినది.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లది మరో దారి. ప్రొద్దుటూరులో నగ కొనేవాళ్లు గ్రాము రేటు ఒక్కటే చూసి లేవరు. తరుగెంత, మజూరి ఎంత అని అడిగాకే బేరంలోకి దిగుతారు. పాత ఆటయంత్రానికీ అలాంటి లెక్కే కావాలి. సోనీ పీఎస్‌పీ చవకగా దొరుకుతుంది. కానీ తయారీ 2014లోనే ఆగిపోయింది, అసలు బ్యాటరీలు ఇక రావు. వెనక మూత ఉబ్బి ఉంటే లోపల బ్యాటరీలో వాయువు చేరిందని అర్థం, ధర ఎంత తగ్గించినా ముట్టుకోకూడదు. నింటెండో 3డీఎస్ ఇంకో రకం ఇరకాటం. దాని ఆన్‌లైన్ దుకాణాన్ని 2023 మార్చిలో మూసేశారు, కాబట్టి కొత్తగా ఆటలు కావాలంటే కార్ట్రిడ్జులే గతి. ఆ కార్ట్రిడ్జులకు ప్రాంతాల తాళం ఉంది. అమెరికా యంత్రంలో యూరపు ఆట నడవదు.

స్విచ్‌కు ఆ తాళం లేదు. కువైట్ నుంచి వచ్చే బంధువు తెచ్చే స్విచ్ లైట్ ఇక్కడా హాయిగా నడుస్తుంది. ఛార్జరు మీద 100–240 వోల్టులని ఉంటే కరెంటుతో ఇబ్బంది లేదు, పిన్నుల ఆకారం మాత్రం అక్కడిది, అడాప్టరు కావాలి. 275 గ్రాముల బరువు, మూడు నుంచి ఏడు గంటల ఆట. అయితే నింటెండో దాన్ని మన దేశంలో అధికారికంగా అమ్మలేదు కాబట్టి పాడైతే మరమ్మతు సొంత ఖర్చే. ఆటల ధరలు కూడా లెక్కలో వేసుకోవాలి. రెండు మూడు కొనేసరికి యంత్రం ధరకు దగ్గరపడతాయి.

బొటనవేలి కింద పుల్ల ఉన్న యంత్రాల్లో తరచూ ముందుగా అరిగిపోయేది ఆ పుల్లే. పాత రకం పుల్ల లోపల కార్బన్ పట్టీ మీద లోహపు తీగ రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము చేరితే, పట్టీ అరిగితే, చెయ్యి తీసినా బొమ్మ తనంతట తానే నడుస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీల ఎర్రగుంట్ల చుట్టుపక్కల దుమ్ముకు కొదవేముంది? 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన ప్రభావంతో పనిచేసే పుల్లల్లో రాపిడి లేదు. అయస్కాంతం కదిలితే ఎదుటి సెన్సరు వోల్టేజీ మారుతుంది, అంతే. ఇప్పుడు చవక యంత్రాల్లో కూడా ఇవి వస్తున్నాయి. 'హాల్ స్టిక్' అన్న మాట ఉందో లేదో చూసి కొనడం మంచిది.

ఇక పవర్‌బ్యాంకు. ముందు 10,000 ఎంఏహెచ్ అని పెద్దగా ఉంటుంది. వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అన్న వరుస వెతకాలి. ఆరు వేల చిల్లర కనబడుతుంది. మోసమేమీ కాదు: పెద్ద అంకె లోపలి సెల్లు 3.7 వోల్టులకు, చిన్న అంకె బయటికొచ్చే 5 వోల్టులకు. వోల్టేజీ పెంచే సర్క్యూటు కొంత వేడిగా పోగొడుతుంది. 37 వాట్ అవర్లలో చేతికందేది సుమారు 30. అంటే ఫోనుకు ఒకసారి నిండా, ఇంకాస్త. విమానంలో వంద వాట్ అవర్ల లోపు పవర్‌బ్యాంకును చేతి సంచిలో తీసుకెళ్లనిస్తారు, లగేజీలో వేయనివ్వరు. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లే కాబట్టి కువైట్ పోయేవాళ్లకు దిగులు లేదు. రైల్లో ప్లగ్గు ఉంది కదా అనుకునేవాళ్లు మరో సంగతి తెలుసుకోవాలి. నిప్పు ప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా బోగీల్లో ఛార్జింగు పాయింట్లు ఆపేయాలని 2021లో రైల్వే నిర్ణయించింది.

కొత్త ఛార్జరు, రెండు వైపులా సీ రకం తీగ వెంటబెట్టుకుని పోయినవాళ్లకు చవక చైనా యంత్రం ఒక్కోసారి ఛార్జింగు ఎక్కనే ఎక్కదు. యంత్రం చెడిపోలేదు. సీ రకం ఛార్జరు తీగకు అటువైపు ఏదో ఉందని రూఢి చేసుకున్నాకే కరెంటు వదులుతుంది. ఆ గుర్తు ఇచ్చేవి 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు. పైసల్లో దొరికే వాటిని కూడా కొందరు తయారీదారులు మిగుల్చుకుంటారు. పాత వెడల్పు యూఎస్‌బీ మూతి ఉన్న తీగకు ఈ పరీక్ష ఉండదు. సంచిలో అదొకటి, దానికి తగ్గ పాత ఛార్జరొకటి పడేసుకుంటే బండి కదిలాక తడుముకునే పని ఉండదు.